సీటు కింద బీడీ దారం

మార్చి నెల. బోనకల్ చుట్టూ కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరుతున్నాయి. మా మేనల్లుడు ఆ ఏటి తేజ కాయను ఖమ్మం యార్డులో అమ్మి, చేతికొచ్చిన డబ్బులో కొంత పెట్టి ఒక పాత కారు కొన్నాడు. కోడలికి ఐదో నెల. మధిరకో ఖమ్మానికో ఆస్పత్రికి ఆటోలో తిప్పడం ఎందుకని వాడి ఆలోచన. కారు నిగనిగలాడుతూ ఇంటి ముందు ఆగింది. నిమ్మకాయ దిష్టి అయింది, కొబ్బరికాయ అయింది. మా చెల్లెలు వెనక తలుపు తీసి లోపల కూర్చుంది. కూర్చున్నంతసేపు పట్టలేదు, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని దిగింది.

"ఏందిరా ఇది! బీడీలు తాగే ముసలాయనెవరో ఎనక సీట్లోనే ఉన్నట్టుంది."

కొన్నప్పుడు వాడికి ఆ వాసన తెలియలేదు. అమ్మిన చోట నాలుగు తలుపులూ తీసి ఎండలో పెట్టారట, అద్దానికి నిమ్మ వాసన సెంటు సీసా వేలాడదీశారట. పైగా ఏసీ వేసి ఊరంతా తిప్పి చూపించారట. పాత కారు వాసన తెలియాలంటే రాత్రంతా తలుపులు బిగించి ఉంచి, తెల్లారి ముక్కు తాజాగా ఉన్నప్పుడు తీయాలి. ఆ పని ఏ అమ్మకందారూ చేయనివ్వడు. ఆ సంగతి ఆ తర్వాత మాకు తట్టింది.

నేను ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పినవాణ్ణి. అందుకని కారు తాళం నా చేతిలో పెట్టి, "మామయ్యా, నువ్వే చూడు" అన్నాడు. బోర్డు మీద ఎన్ని సమీకరణాలు రాశానో గానీ, కారు సీటును విప్పింది మాత్రం అదే మొదటిసారి.

ముందు సీటు కింద చెయ్యి పెట్టి తడిమితే ఇనుప పట్టాల సందులో ఒక ఎర్ర దారం ముడి దొరికింది. దానికి ఎండిన ఆకు ముక్క అతుక్కుని ఉంది. తునికాకు. మా జిల్లాలో పుట్టినవాడికి ఆ ఆకును గుర్తుపట్టడానికి వృక్షశాస్త్రం అక్కర్లేదు. ఏటా ఎండలు ముదిరే వేళ భద్రాచలం ఏజెన్సీలో తెల్లవారుజామునే అడవికి పోయి, ఆకు కోసి, యాభై ఆకులకొక కట్ట కట్టి కల్లానికి తెచ్చి పోస్తారు. ఆ ఆకే ఎక్కడెక్కడికో పోయి పొగాకును చుట్టుకుని, చివరికి ఈ సీటు కిందికి చేరింది. ఆర్సీ కాగితాల్లో పాత యజమానిది భద్రాచలం వైపు ఊరే. తునికాకు అడవిలోనే తిరిగిన బండికి తునికాకు పొగ పట్టిందన్నమాట.

బీడీకి ఒక గుణం ఉంది. తునికాకు కాగితంలా తేలిగ్గా కాలదు, గాలిని లోపలికి రానివ్వదు. నాలుగు దమ్ములు ఆపితే ఆరిపోతుంది. అందుకే బీడీ తాగేవాళ్లు మాటిమాటికీ బలంగా లాగుతారు, ఆరితే మళ్లీ అగ్గిపుల్ల గీస్తారు. దమ్ముకీ దమ్ముకీ మధ్య కొసన సన్నగా లేచే పొగ తాగేవాడి ఊపిరితిత్తుల్లోకి పోదు, నేరుగా కారు గాలిలోకి పోతుంది. కారును పాడుచేసేది ముఖ్యంగా ఆ కొస పొగే.

పొగ అంటే ఏమిటి? గాలిలో తేలే అతి సన్నని బిందువులు, వాటితోపాటు వాయువులు. బిందువుల్లో చాలావాటి పరిమాణం మైక్రాను కంటే తక్కువ. తల వెంట్రుక మందం సుమారు డెబ్బై మైక్రాన్లని గుర్తుచేసుకుంటే అవెంత సన్నవో తెలుస్తుంది. పొగాకు పొగలో ఏడు వేలకు పైగా పదార్థాలను శాస్త్రజ్ఞులు గుర్తించారు. మనకు కావలసినవి రెండు మూడు గుంపులే. ఒకటి తారు: జిడ్డు, గోధుమ రంగు, కిటికీ అద్దం లోపలివైపు పొరలా అంటేది. రెండోది నికోటిన్, దాని చుట్టాలైన పిరిడిన్ జాతి పదార్థాలు. నిన్నటి సిగరెట్ల గది వాసన అంటామే, ఆ పాత కంపులో పెద్ద వాటా ఈ పిరిడిన్‌లదే. మూడో గుంపు ఆమ్లాలు, ఫీనాల్‌లు, పుల్లగా, మాడినట్టుగా ఉండేవి.

ఇక్కడ నికోటిన్ స్వభావం కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే కథంతా దానిదే. అది 247 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అంటే స్పిరిట్‌లా చటుక్కున ఎగిరిపోదు. అలాగని ఉప్పులా కదలకుండానూ ఉండదు. కొంచెం కొంచెంగా ఆవిరవుతూ, ఎక్కడ చల్లటి చోటు దొరికితే అక్కడ మళ్లీ అంటుకుంటూ, మళ్లీ లేస్తూ కారంతా తిరుగుతుంది. సీటు గుడ్డ, దాని కింద స్పాంజి, పైకప్పు గుడ్డ, కింద తివాచీ అన్నీ దానికి తావులే. స్పాంజి లోపల గాలి గదులన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. దాని లోపలి గోడలన్నీ విప్పి పరిస్తే ఎంత విస్తీర్ణం వస్తుందో! ఒక పదార్థపు అణువులు మరో పదార్థం ఉపరితలాన్ని ఇలా అంటిపెట్టుకోవడాన్ని పుస్తకాల్లో అధిశోషణం అంటాం. ఊరగాయ జాడీని ఎన్నిసార్లు కడిగినా వాసన పోదు గదా, ఇంచుమించు అదే.

అందువల్లే కిటికీలు తీసి గాలి ఆడిస్తే పోయిన వాసన మరుసటి రోజుకల్లా తిరిగొస్తుంది. గాలిలో ఉన్న వాసన చిల్లర డబ్బు. గుడ్డలో, స్పాంజిలో ఉన్నది బ్యాంకులో ఉన్న అసలు. చిల్లర ఎంత ఖర్చుపెట్టినా అసలు వడ్డీ ఇస్తూనే ఉంటుంది.

మేనల్లుడు తొలి వారం చేసిన ప్రయోగం ఒకటుంది. వెనక సీట్లో ఒక మిర్చి బస్తా వేసి ఖమ్మం తీసుకెళ్లాడు. తిరిగొచ్చి, "పొగ వాసన పోయింది మామయ్యా" అని తుమ్మాడు. పోలేదు. మిర్చి ఘాటు నిజానికి వాసన కాదు. మిరప పొడిలోని క్యాప్సైసిన్ ముక్కులో, కళ్లలో మంటను పట్టే నరాల చివరలను తాకుతుంది. వాసన పట్టే కణాలకు దానితో పని లేదు. మంటలో వాసన మరుగున పడింది, అంతే. సెంటు సీసాలు చేసేదీ ఇలాంటి పనే. మన ముక్కులో సుమారు నాలుగు వందల రకాల వాసన గ్రాహకాలున్నాయి. ఈ గ్రాహకాల జన్యువులను కనుగొన్నందుకే రిచర్డ్ ఆక్సెల్, లిండా బక్‌లకు 2004లో నోబెల్ ఇచ్చారు. ఒక్కో వాసనకు కొన్ని గ్రాహకాలు ఒక కలయికగా మోగుతాయి. మల్లె సెంటు చల్లితే పొగ మోగించే గ్రాహకాలు ఆగవు, పక్కన మరికొన్ని మోగుతాయి. అప్పుడు వచ్చేది మల్లే కాదు, పొగా కాదు, కడుపులో తిప్పే మూడో వాసన. మరో సంగతి: ఎప్పుడూ ఉండే వాసనను ముక్కు కొన్ని నిమిషాల్లో పట్టించుకోవడం మానేస్తుంది. పాత యజమానికి తన కారులో వాసనుందని తెలియకపోవడంలో మోసం లేదు, ముక్కు గుణం అది.

ఇక అసలు పని. ముందు దుమ్ము. నికోటిన్‌కు దుమ్మంటే మహా ఇష్టం, దుమ్ము రేణువుల మీద బాగా పేరుకుంటుంది. తివాచీలు తీసి, వాక్యూమ్ పెట్టి, సీటు పట్టాల సందులు కూడా పీల్చేశాం. ఆ తర్వాత అద్దాలు. తారు నీటికి లొంగదు, స్పిరిట్‌కు లొంగుతుంది. మందుల షాపులో సర్జికల్ స్పిరిట్ తెచ్చి ముందు అద్దం లోపలివైపు తెల్లగుడ్డతో తుడిచాను. గుడ్డ లేత టీ రంగుకు మారింది. రెండో గుడ్డ కూడా. ఐదో గుడ్డకు గానీ తెల్లదనం మిగల్లేదు. "ఇదంతా అద్దం మీదే ఉంటే, కప్పు మీదెంతుందో" అంది చెల్లెలు. పొగ వెచ్చనిది గనక పైకి పోతుంది. డ్రైవరు తలకు పైన కప్పు గుడ్డ మీద అరచేతి వెడల్పున ముదురు మచ్చ కనిపిస్తోంది.

కప్పుతోనే తెలివిగా ఉండాలి. ఆ గుడ్డ కింద పల్చటి స్పాంజి, దాని కింద జిగురు. నీళ్లు పోసి రుద్దితే జిగురు వదిలి, కప్పు గుడారంలా వేలాడుతుంది. తేలికపాటి షాంపూ నురుగు మాత్రం తీసుకుని, ఒక దిక్కుగా మెల్లగా అద్ది తుడిచాం. ఈ పనొక్కటే ఒక పూట పట్టింది.

నురుగు తర్వాత వెనిగరా, తినే సోడానా అని ఇంట్లో పెద్ద చర్చ. నలుగురూ సోడా వైపే. ఇక్కడ మాత్రం నా చదువు పనికొచ్చింది. నికోటిన్ క్షారం. ఆమ్లం తగిలితే అది లవణంగా మారుతుంది. లవణానికి ఆవిరయ్యే గుణం లేదు, నీళ్లలో మాత్రం చక్కగా కరుగుతుంది. అప్పుడు తడిగుడ్డతో ఎత్తేయొచ్చు. పీహెచ్ 8 దగ్గర నికోటిన్‌లో ఇంచుమించు సగం స్వేచ్ఛగా ఎగరగల రూపంలో ఉంటుంది. పీహెచ్ 6కి దించితే వందలో ఒక వంతు. వెనిగర్ అంతకంటే చాలా కిందికి దించుతుంది. తినే సోడా ద్రావణం మాత్రం 8 దాటే ఉంటుంది, అంటే అది నికోటిన్‌ను బంధించదు, పైగా విడిపిస్తుంది.

చెల్లెలు నమ్మలేదు. పొలంలో పనిచేసే పెద్దాయన ఒకాయన అరచేతిలో కైనీ నలుపుతూ అక్కడే ఉన్నాడు. ఆయన్నే అడిగాను, సున్నం ఎందుకు కలుపుతావు తాతా అని. "సున్నం లేకపోతే ఎక్కదు గదయ్యా" అన్నాడు. అంతే. సున్నం క్షారం, అది పొగాకులోని నికోటిన్‌ను విడిపిస్తుంది, విడిన నికోటిన్ బుగ్గ లోపలి చర్మం గుండా రక్తంలోకి దిగుతుంది. సీటు మీద సోడా చల్లి తడిపితే జరిగేదీ అదే పని, కాకపోతే ఇక్కడ దిగేది రక్తంలోకి కాదు, కారు గాలిలోకి. చుట్ట పొగకు క్షారగుణం ఎక్కువని, అందుకే లోపలికి పీల్చకపోయినా చుట్ట నోటి నుంచే ఎక్కుతుందని కూడా చెబుతుంటే పెద్దాయన నవ్వి, సున్నపు డబ్బా మూత పెట్టుకున్నాడు.

సోడా పూర్తిగా దండగ అని కాదు. పొగలోని పుల్లటి ఆమ్లాలను అది పట్టుకుంటుంది. వెనిగర్‌తో తుడిచి, నీటిగుడ్డ వేసి, పూర్తిగా ఆరిన తర్వాత పొడి సోడా చల్లి ఒక రాత్రి ఉంచి పీల్చేస్తే ఉపయోగమే. రెండూ కలిపి పోయకూడదు. బుసబుసా నురుగొస్తుంది, చూడటానికి ఏదో గొప్పగా శుభ్రమవుతున్నట్టుంటుంది. ఆ నురుగు కార్బన్ డయాక్సైడ్. రెండు మందులూ ఒకదాన్నొకటి చంపుకున్న గుర్తు అది.

సీట్లకు సగం వెనిగర్, సగం నీళ్లు పిచికారీ చేసి గుడ్డతో అద్దాం. ఒక్కరోజు కారంతా ఊరగాయ బండిలా కంపుకొట్టింది. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం ఎగిరే గుణమున్నది గనక రెండు రోజుల్లో పోయింది.

ఎవరూ గుర్తుపెట్టుకోనిది సీటు బెల్టు. చుట్ట చుట్టుకుని లోపల దాగి ఉంటుంది, బయటికి కనిపించేది సగమే. డ్రైవరు బెల్టును చివరిదాకా లాగి, చుట్టుకుపోకుండా క్లిప్పు పెట్టి, గోరువెచ్చని సబ్బునీళ్ల బకెట్లో ముంచాం. గంట తర్వాత చూస్తే నీళ్లు ఫిల్టర్ కాఫీ డికాషన్. రెండో బకెట్ టీ. మూడో బకెట్ బార్లీ నీళ్లు. డ్రైవరు ముఖానికి అడుగు దూరంలో ఏళ్ల తరబడి ఊగిన గుడ్డ అది. బెల్టుకు బ్లీచింగ్ మాత్రం తగలనివ్వకూడదు, నేత బలహీనపడితే ప్రమాదంలో ప్రాణం మీదికొస్తుంది.

ఏసీ సంగతి మెకానిక్ చూశాడు. డ్యాష్‌బోర్డు డబ్బా వెనక ఫిల్టరు ఉండాలి. కొన్ని పాత చిన్న కార్లలో ఫిల్టరే ఉండదు, ఖాళీ గాడి మాత్రం ఉంటుంది. ఇందులో ఉంది, దాన్ని చూసి మెకానిక్ "అన్నా, ఇది ఫిల్టరా, పిడకనా" అన్నాడు. కొత్తది వేసి, లోపలి చల్లటి జాలీ మీద నురుగు మందు పట్టించాడు. ఆ జాలీ ఎప్పుడూ తడిగా ఉంటుంది, తారు, దుమ్ము, తడి కలిస్తే బూజుకు పండగ.

ఏప్రిల్ వచ్చింది. మా ఎండల గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. కొత్తగూడెం, భద్రాచలం వైపు మే నెలలో 45 డిగ్రీలు దాటడం మామూలే. ఈ ఎండను తిట్టుకోవడమే గానీ వాడుకోవడం మాకు అలవాటు లేదు. వేడి పెరిగితే అంటుకున్న అణువులు వదలడం పెరుగుతుంది. మూసిన కారు ఎండలో గంటసేపు నిలిస్తే లోపల బయటికంటే ఇరవై డిగ్రీలు ఎక్కువ కావచ్చు, డ్యాష్‌బోర్డు అంతకంటే ఎక్కువ. మధ్యాహ్నం తలుపులు బిగించి కారును ఎండలో కాలనివ్వడం, తర్వాత నాలుగు తలుపులూ బార్లా తీసి ఆ గాలంతా వదిలేయడం, మళ్లీ బిగించడం. కమ్మరి కొలిమి తిత్తిలాగా రోజుకు మూడు సార్లు. పక్కింటి పిల్లలు తలుపులు తెరిచి ఉంచిన కారులోకి దూరకుండా చెల్లెలు కాపలా కూర్చుంది. మూసిన కారులో పిల్లలు చిక్కుకుంటే నిమిషాల్లో ప్రాణం పోతుంది.

రాత్రిళ్లు బొగ్గు. వంటబొగ్గు కాదు, కొబ్బరి చిప్పల నుంచి చేసే యాక్టివేటెడ్ కార్బన్. మంచి రకమైతే ఒక్క గ్రాములోని సూక్ష్మ రంధ్రాల గోడలన్నీ కలిపి వెయ్యి చదరపు మీటర్ల దాకా ఉంటాయి. మా లెక్కలో పది గుంటలు, అంటే పావెకరం. అరకిలో బొగ్గును బట్ట సంచుల్లో కట్టి సీట్ల కింద పెట్టాం. ఇది రాత్రే ఎందుకంటే, వేడిలో బొగ్గు కూడా పట్టుకున్నదాన్ని వదిలేస్తుంది. పగలు ఎండ వెళ్లగొట్టాలి, రాత్రి చల్లదనంలో బొగ్గు పట్టుకోవాలి. సంచుల్ని పగలంతా కారులోనే వదిలేసి, "బొగ్గు పనిచేయలేదు" అనేవాళ్లు చాలామంది.

పట్నంలో ఓజోన్ యంత్రం పెట్టి గంటలో వాసన తీసేస్తామనేవాళ్లూ ఉన్నారు. మేనల్లుడికి మనసు అటు లాగింది. నేనే వద్దన్నాను. ఓజోన్ చురుకైన వాయువు, కొన్ని వాసన పదార్థాలను విరగ్గొడుతుంది, నిజమే. కానీ అదే చురుకుతో తలుపు అంచుల రబ్బరును చిట్లగొడుతుంది, గుడ్డకు అంటుకున్న పొగ అవశేషాలతో కలిసి ఫార్మాల్డిహైడ్ లాంటివీ, అతి సన్నని రేణువులూ పుట్టిస్తుంది. ఊపిరితిత్తులకు ఓజోన్ స్వయంగా హాని. మనుషులకు హాని చేయని మోతాదులో అది వాసనల మీద సరిగా పనిచేయదని అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ ఏనాడో చెప్పింది. గర్భిణి కూర్చోవాల్సిన కారులో ఆ జూదం ఎందుకు?

కోడలి సంగతి రాగానే మా చెల్లెలు సూటిగా అడిగింది: "వాసన పోతే చాలా, లోపల ఇంకేమన్నా ఉంటదా?" మంచి ప్రశ్న. దీనికి పరిశోధకులు పెట్టిన పేరు మూడో చేతి పొగ. తాగేవాడిది మొదటి చేయి, పక్కనున్నవాడు పీల్చేది రెండోది, పొగ పోయాక వస్తువుల మీద మిగిలేది మూడోది. 2009లో పిల్లల వైద్యుల పత్రిక పీడియాట్రిక్స్‌లో వచ్చిన ఒక వ్యాసంతో ఆ మాట జనంలోకి వచ్చింది. దానికి ఏడాది ముందే అమెరికాలోని శాన్‌డియాగోలో జార్జ్ మాట్ బృందం అమ్మకానికి పెట్టిన పాత కార్ల గాలిలో, దుమ్ములో, ఉపరితలాల మీద నికోటిన్ కొలిచింది. పొగతాగేవాళ్ల కార్లలో అది మూడు చోట్లా దొరికింది. అమ్మేవాళ్లు చేసిన పైపై శుభ్రతతో పెద్దగా తేడా రాలేదని ఆ తర్వాతి పనిలో తేలింది. 2010లో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల వాళ్లు ఇంకో అడుగు వేశారు. ఉపరితలం మీది నికోటిన్ గాలిలోని నైట్రస్ ఆమ్లంతో కలిస్తే నైట్రోసమీన్లు పుడతాయని చూపించారు. వీటిలో ఎన్.ఎన్.కె. అనేది క్యాన్సర్ కారకమని తేలిన పదార్థం. పొగతాగే ఒకాయన ట్రక్కు లోపలి ఉపరితలాల మీద కూడా ఇవి కనిపించాయి. నైట్రస్ ఆమ్లం వాహనాల పొగలో, గ్యాస్ పొయ్యి మంటలో ఉండేదే.

అంటే వాసన, అవశేషం రెండూ ఒకటి కావు. నికోటిన్‌కు సొంత వాసన తక్కువే, గుడ్డలో ఉండి కూడా ముక్కుకు దొరక్కపోవచ్చు. పాకుతూ, చేతులు నోట్లో పెట్టుకునే పసిపిల్లలకు ఇది ముఖ్యం. అందుకే నేను సెంటు కంటే బకెట్టునే నమ్ముతాను. బకెట్లో నీళ్లు నల్లబడ్డాయంటే అవశేషం కారు నుంచి బయటికొచ్చిందని కంటికి కనబడుతుంది. సెంటు చల్లితే ముక్కు మాత్రమే బయటికొస్తుంది.

మే చివరికి కారు బాగుపడింది. కోడలు మధిర దాకా వెళ్లొచ్చి ఏమీ అనలేదు. గర్భిణి ముక్కు కంటే పదునైన పరికరం మా దగ్గర లేదు.

జులైలో ముసురు పట్టింది. కాలవగట్టు మీంచి బండి ఇంటికొచ్చేసరికి చెల్లెలు వెనక సీట్లో కూర్చుని గాలి పీల్చింది. "ముసలాయన లేడు గానీ, ఇప్పుడే దిగిపోయినట్టుంది" అంది. నిజమే, సన్నగా వస్తోంది. తేమ పెరిగినప్పుడు నీటి అణువులు గుడ్డ మీద తావులకు పోటీ పడి, అక్కడ దాగినవాటిని నెట్టేస్తాయి. వానాకాలంలో పాత ఇళ్ల గోడలు వాసనేయడానికీ ఇదొక కారణం. ఎక్కడో ఒక మూల మేము ముట్టనిది మిగిలి ఉండాలి.

మేనల్లుడు వానలోనే టార్చిలైటు పట్టుకుని కారంతా ముక్కుతో వెతికాడు. తివాచీ కాదు, కప్పు కాదు. చివరికి డ్రైవరు సీటు తల దిండు పీకి, దాని తొడుగు జిప్పు తీసి లోపల ముక్కు పెట్టి, వెంటనే తల వెనక్కి లాగాడు.

"మామయ్యా, ఇక్కడున్నాడు!"

తొడుగు వెనిగర్ నీళ్ల బకెట్లో పడింది. స్పాంజిని పాత బట్ట సంచిలో బొగ్గుతో కలిపి కట్టి అటక మీద పెట్టాం, ఎండలు తిరిగొచ్చేదాకా.